కట్టె భాగం

మామునూరు క్యాంపు వేలంల
తోలు ఒకడు పాడిండు, ఇనుము ఒకడు పాడిండు.
ఇనుమునైతే అక్కడనే, సాక్షుల ముంగట,
గ్యాసు మంటతోని మూడు ముక్కలు కోసిండ్రు.
మిగిలిన కట్టెకు పాట రాలే.
కిలోకు పదకొండు రూపాయలన్న నేను.
పొయ్యిలకేనా, అన్నడు గుమస్తా.
అవునన్న.
అబద్ధం అక్కడ మొదలైంది.

రంగశాయిపేట దాకా ట్రాలీ ఆటోల
మోపులు కట్టిన త్రీనాట్‌త్రీ భుజాలు.
గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరు ఎనుకకు చూసేది,
పేల్తయేమో అన్నట్టు.

వడ్లపని నాది. కట్టెను గోరుతోని గుర్తుపడత.
ఇది టేకు గాదు, ఏగిస గాదు, మన మద్ది గాదు.
అక్రోటు.
ఏ మంచు కొండ మీద కాయలు రాల్చిందో,
ఓడెక్కి, రైలెక్కి, కాజీపేటల దిగి
ములుగు అడవిలకు నడిచిపోయిన చెట్టు.

మొత్తం ఇరవై రెండు. గోడ పొంటి నిలబెట్టిన.
ఒకదాని మీద పందొమ్మిది వందల పదిహేడు.
ఒకదాని మీద ఇషాపూర్, నలభై రెండు,
ముంగటి కట్టె చీలకుండ అడ్డంగ ఇత్తడి మర.
ఆ మర బిగించినోడెవడో పనిమంతుడు.
మర గాడిని నార పోయే దిక్కుకే ఆపిండు.
ఎవలు చూస్తరని ఆపిండో.
నేను చూసిన.

మడిమె కాడ చిన్న అక్షరాలు: ఎస్, ఎన్, ఎల్.
ఆర్మరర్ చేసి రిటైరైన ఐలోని సారు చెప్పిండు,
పొట్టి చేతులోనికి ఎస్, పొడుగు చేతులోనికి ఎల్.
దర్జీ అంగీకి తీసినట్టు
దీనికి గూడ కొలతలు తీసిండ్రన్నమాట.
నీది ఎస్, అని నవ్విండు నన్ను చూసి.

ఒకదాని పక్కన ఏడు గాట్లు.
చూడ వచ్చిన ప్రతోడు గొంతు తగ్గించేది:
ఏడుగురా?
ఐలోని సారు అద్దాలు పెట్టుకొని ఏలుతోని తడిమిండు.
"కాదురా చారీ, గివి నాకెరుకే.
ఏటూరునాగారం ఔట్‌పోస్టుల
చాయ్ హోటలోనికి బాకీ."
జరసేపు ఆగి,
"ఎనిమిదోది కొయ్యలే" అన్నడు.
ఎందుకని నేను అడగలే.
ఇద్దరి చాయ్ చల్లారింది.

మడిమెకున్న ఇత్తడి పలక విప్పే ఓపిక
ఎవనికీ లేక అది నాతోనే వచ్చింది.
పలకకు చిన్న తలుపు, తలుపెనుక అర,
నూనె సీసా పెట్టుకునే జాగ.
కొన్నిట్ల సీసా. కొన్నిట్ల పేలిక.
ఒకదాంట్ల సగం పెన్సిలు.
ఒకదాంట్ల, నమ్మితే నమ్ము లేకుంటే లేదు,
మేడారం బంగారం.
చీమకు సందియ్యని తలుపెనుక
రాయైన బెల్లం.

ఎలచ్చన్లు వచ్చినయి.
లైసెన్సు తుపాకులు ఠాణల జమ చెయ్యాలె.
ఎవడో చెప్పిండు, చారి ఇంట్ల ఇరవై రెండున్నయని.
జీపుల దిగిండు కొత్త ఎస్సై,
మీసం ఇంకా సరిగ్గ కుదరని పిల్లగాడు.
గోడ చూసిండు. గొట్టం లేదు, గుర్రం లేదు, గుండు లేదు.
రసీదు చూపిన.
పైకే చదివిండు: కట్టె భాగం, వంటచెరుకు నిమిత్తం.
"మరి కాల్చలేదేంది?"
ఆ మాట అన్నాక ఆయనే ఆగిండు.
టోపీ తీసి, మళ్ల పెట్టుకొని,
మంచినీళ్లు తాగి పోయిండు.

ఐతారం ఐతారం ఒకటి ముంగటేసుకుంట.
గరుకు కాయితం పట్టి పాత వార్నీషు లేపుత,
చిలుము మరక తీస్త, అవిసె నూనె పట్టిస్త.
ఒక్క చోటు ముట్ట.
చెంప ఆనే చోటు.
అక్కడ కట్టె నల్లగ, నున్నగ,
చెమట, తలనూనె, నిద్ర,
ఎందరివో ఒకలవి మీద ఒకలవి.
సరోజన తిడ్తది:
అంత తోమి అదొక్కటి ఇడిసిపెడ్తవు,
మసిగిన్నె లెక్క.

మొన్న కరెంటు పోయిన రాత్రి
ఎస్ అని ఉన్నదాన్ని భుజానికి ఆనిచ్చిన.
చెయ్యి సరిగ్గ అందింది.
అంత సరిగ్గ అందుతదని అనుకోలే.
ముంగట గురి లేదు,
కిటికీల ఎదురింటోళ్ల మునగచెట్టు.
చెంప వంచబోయి ఆగి,
దించి, గోడకు నిలబెట్టిన.

చీకట్ల తడుముకుంట లెక్కపెట్టిన.
ఇరవై రెండే.
మళ్ల పెట్టిన.